జత

మొదటి రోజు వాన మమ్మల్ని పలకరించింది.
రెండో రోజు చుట్టరికం కలిపింది.
మూడో రోజుకి ఇంట్లో మనిషైపోయి
అడక్కుండానే సంచుల్లో దూరి
ఉప్పు పొట్లం విప్పుకుని తినేసింది.

నలుగురం.
కసేసె బజారులో బట్టలమ్మే కబుగో,
మోటారు సైకిళ్ళు బాగుచేసే తెంబో,
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీల ఇతుంగు,
పిల్లలకు లెక్కలు చెప్పే నేను.
పుట్టిన నాటి నుంచీ రువెన్జోరి నీడలోనే బతికి
ఒక్కసారీ ఎక్కనివాళ్ళం.
పొద్దున తలుపు తీస్తే కొండ మబ్బులో ఉండేది.
ఉందిలే అనుకుని పనికి పోయేవాళ్ళం.

ఇతుంగు వాళ్ళ నాన్న మాత్రం పాతికేళ్ళు ఎక్కాడు,
ఎవరెవరివో డేరాలు, ఎవరెవరివో జున్ను డబ్బాలు
నుదుటి పట్టీకి తగిలించుకుని.
వాళ్ళ ఫొటోల్లో ఎక్కడా లేడు.
ఆయన రబ్బరు బూట్లే తొడుక్కొచ్చింది ఇతుంగు.
కుడిది నలుపు, ఎడమది పచ్చ,
రెండూ రెండేసి సైజులు పెద్ద.
లోపల మూడు జతల మేజోళ్ళు కుక్కుకుని
బాతులా నడుస్తుంటే
వెనక నుంచి తెంబో నోటితోనే హారన్ కొట్టేవాడు.

వెదురు పొదలు దాటాక
చెట్లకు గడ్డాలు మొలిచాయి.
మా పెరట్లో మోకాలెత్తు లేని కలుపుమొక్కకు
దగ్గర చుట్టమట,
ఇక్కడ మనిషికి మూడింతలై నిలబడి
మమ్మల్ని ఎగాదిగా చూసింది.
రాత్రి రాళ్ళ సందులోంచి
కుందేలంత జంతువేదో
తుప్పు పట్టిన గేటులా అరిచింది.
చెక్క గుడిసెలో తడి మేజోళ్ళ ఆవిరి,
చిక్కుడు గింజల కుండ చుట్టూ ఎనిమిది మోకాళ్ళు.
మిగిలిన ఒక్క పొడి అగ్గిపుల్లను
ఎవరు ఆర్పేశారన్న దగ్గర
కబుగోకీ తెంబోకీ మాటల్లేకుండా పోయాయి.

నాలుగో రోజు బురద మైదానం.
గడ్డి దుబ్బు నుంచి గడ్డి దుబ్బుకు గెంతాలి.
ఇతుంగు గెంతింది.
కాలు వచ్చింది, బూటు రాలేదు.

నలుగురం బోర్లా పడుకుని
భుజాల దాకా చేతులు దించి వెతికాం.
బురద చల్లగా, మెత్తగా,
ఎంత లోపలికి పోతే అంత ఉంది.
కబుగో ఏదో పట్టుకుని "దొరికింది!" అని కేకేసింది.
అది తెంబో చెయ్యి.
వదలకుండా కాసేపు అలాగే పట్టుకుని లాగింది,
బూటే అనుకుందో ఏమో.
తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని
పగలబడి నవ్వారు.

ఇతుంగు నవ్వలేదు.
దుబ్బు మీద కూచుని
మేజోడు పిండుతూ అంది:
"నాన్నకేం చెప్పను?"

తెంబో తన టైరు చెప్పు తీసి ఇచ్చాడు.
పైకి ఇంకో పూట నడిచాం.
మంచు మీద కితసంబ కొలువుంటాడని
అమ్మమ్మ చెప్పేది.
ఆ రోజు ఎవరినీ చూడనన్నాడు కాబోలు.
తెల్లగా కనిపించినదంతా మబ్బే.
చెయ్యి చాపితే చెయ్యి కూడా మబ్బే.
ఏ దిక్కున ఉందో తెలియని శిఖరానికి
అందాజాగా ఒక దండం పెట్టి
తిరిగి దిగాం, రెండు రోజులు,
చప్పుడు చేసే ఒక బూటు,
చప్పుడు లేని ఒక చెప్పు.

ముసలాయన వసారాలో
చేమదుంపలు చెక్కు తీస్తున్నాడు.
పచ్చబూటు చేతికిచ్చి
ఇతుంగు తల వంచుకుంది.
ఆయన దాన్ని తిరగేశాడు.
చెంబెడు నీళ్ళు కారాయి.
దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"పిచ్చితల్లీ,
నల్లదాని జోడు పంతొమ్మిదేళ్ళ కిందే
ఆ బురదలో పోయింది.
ఒంటికాలి బూటుతోనే దిగొచ్చి
ఈ పచ్చదాన్ని సంతలో విడిగా కొన్నాను.
పోనీలే,
ఇన్నాళ్ళకి కలుసుకున్నాయి."

చూరు కింద నలుగురం
జుట్టు లోంచి, చేతుల్లోంచి, జేబుల్లోంచి
కారుతూ నిలబడి ఉన్నాం.
ఇంకో దుంప చేతిలోకి తీసుకుంటూ
అడిగాడు:

"ఇంతకీ, పైన వానేమైనా పడిందా?"